కారపుముద్దతో కూరగాయల చారులు, పచ్చడులు

మధ్యాహ్నపు గంట మ్రోగిన పిదప మా పాఠశాల వేపచెట్టు క్రింద పిల్లలు వరుసలుగా కూర్చుండి డబ్బాలు విప్పుదురు. ఆ వేళ ఉపాధ్యాయులమగు మేము వారి నడుమ తిరుగుచుందుము. పులిహోర, నిమ్మకాయ అన్నము, టమాటా అన్నము, పెరుగన్నము, ప్రక్కన ఒక ఊరగాయ బద్ద - అనేక డబ్బాలలో కనబడునవి ఇవియే. సాంబారన్నము తెచ్చిన పిల్లలు సైతము మునగకాడను, సొరకాయ ముక్కను, ముల్లంగిని డబ్బామూత మీదికి తోసివేసి తక్కినది తినుచుందురు. కాకులకు మా పాఠశాలయన్న మక్కువ హెచ్చు. కారణము ఆ మూతలే.

"ఏమి నాయనా, ముక్కలు తినవేమి?" అని యడిగినచో, "సప్పగా ఉన్నాయి సార్" అని జవాబు. ఆ పిల్లవాడే మరునాడు దోసెకు పూసి తెచ్చిన ఎర్రకారమును వ్రేలితో తుడిచి తుడిచి నాకుచుండుట మేము కన్నులార చూచితిమి. కారము కావలయును, కూరగాయ వలదు. ఇది ఒక్క బిడ్డ సంగతి కాదు. తిరువళ్ళూరు మొదలుకొని తిరుత్తణి, పళ్ళిపట్టు వరకు గల మన ఇండ్లలో పెక్కింట ఇదే ఫిర్యాదు. కావున, బిడ్డ కోరుకొను కారమునే కూరగాయకు తోడుగా నిలిపి వండుట ఎట్లు, అది నోటిని కాల్చకుండ, కడుపును బాధింపకుండ చూచుకొనుట ఎట్లు అను విషయమును తలిదండ్రులకు తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. తలిదండ్రులు అని బుద్ధిపూర్వకముగనే వ్రాసితిమి. తండ్రులు వంటయింటి గడప దాటినచో తప్పేమియు లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024వ సంవత్సరమున వెలువరించిన మార్గదర్శకములలో, రెండువేల కేలరీల ఆహారము తీసికొను పెద్దవారు దినమునకు 400 గ్రాముల కూరగాయలను, 100 గ్రాముల పండ్లను తినవలెనని చెప్పియున్నారు. పిల్లలకు వయస్సునుబట్టి కొంత తగ్గును. అయినను మా వేపచెట్టు క్రింద కనబడునది అందులో ఏ కొంచెమో! ఈ సంస్థ చరిత్రయందు మనకు చుట్టరికమువంటి దొకటి కలదు. అది 1918లో నీలగిరులలోని కూనూరున ఒక చిన్న ప్రయోగశాలగా పుట్టి, 1958లో తమిళసీమ విడిచి హైదరాబాదు చేరినది. ఆ తరువాత రెండేండ్లకు, 1960 ఏప్రిల్ 1వ తేదీన, మన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది. అది అటు పోయినది, మనము ఇటు వచ్చితిమి. రెండు ప్రక్కలను మిరపకాయ మాత్రము ఒకటియే.

ఆ మిరపకాయయు మొదట మనది కాదు. అది అమెరికా ఖండమున పుట్టిన మొక్క. 1492లో కొలంబసు సముద్రయానము చేసిన పిమ్మట అది పశ్చిమ దేశములకు తెలిసినది. 1498లో వాస్కో డ గామా కళ్ళికోటకు వచ్చిన పిమ్మట పోర్చుగీసువారి ఓడలమీద మన తీరమును చేరినది. అంతకుముందు మన పెద్దల వంటలలో కారమనగా మిరియము, శొంఠి, పిప్పలి. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత మిరియము పేరునే తగిలించి మిరపకాయ యనిరి. తమిళులును అట్లే 'మిళగు' అను తమ మాటనుండి 'మిళగాయ్' అనిరి. ఇరుగుపొరుగు భాషలు రెండును ఒకే యుక్తి పన్నినవి!

భాషల మాట వచ్చినది కనుక ఇంకొక్క సంగతి. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుదురు. మనము చారు అనుదానిని తమిళులు రసమందురు. మనము పండ్ల రసమనుదానిని వారు పళచ్చాఱు అందురు. అనగా రెండు మాటలును సరిహద్దు దాటి ఇల్లు మార్చుకొన్నవి. పచ్చడియు నట్లే. మనకు రోటిలో నూరినదియు పచ్చడియే, పెరుగులో ముక్కలు కలిపినదియు పెరుగు పచ్చడియే. తమిళుల ఇండ్లలో పచ్చడి యన్నచో సాధారణముగ పెరుగుతో చేసినదో, మామిడికాయ బెల్లముతో వండినదో యగును; నూరినది వారికి తువైయల్ లేదా చట్నీ. ఈ వ్యాసములో పచ్చడి యని మేము వ్రాయునది, పచ్చివో కాల్చినవో ముక్కలను కలిపి చేయునది, ఇంగ్లీషువారు సలాడు అనునది. నూరిన మిరపకాయను కారపుముద్ద యని వేరుగా పిలుతుము.

కారపుముద్దలు మన యిండ్లలో ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది ఎర్రకారము. రాయలసీమ కారపు దోసెకు పూయునది ఇదియే. పదునైదు ఎండుమిరపకాయలను తొడిమలు తీసి, చీల్చి, గింజలు దులిపి, వేడినీటిలో అరగంట నానబెట్టవలెను. రంగు కావలయును గాని మంట తక్కువగా నుండవలయునన్నచో బ్యాడిగి రకము మంచిది. గుంటూరు సన్నము మిక్కిలి ఘాటైనది గనుక పిల్లలున్న యింట అది నాలుగింట ఒక వంతు మించకుండ కలుపుకొనవలెను. నానిన కాయలతో పది చిన్న ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రేకలు, ఉసిరికాయంత చింతపండు, ఒక చిన్న చెంచాడు ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బవలెను. మిక్సీలో వేసినను తప్పులేదు. కాని నీరు ఎక్కువ పోయరాదు. బాణలిలో మూడు పెద్ద చెంచాల మంచినూనె కాచి, ఈ ముద్దను సన్నని సెగమీద కలుపుచు, పచ్చివాసన పోయి నూనె అంచులకు తేలువరకు వేపవలెను. పది పండ్రెండు నిమిషములు పట్టును. తొందరపడి మంట పెంచినచో ముద్ద మాడి చేదగును, ఇల్లంతయు దగ్గులతో నిండును. ఇది ఫ్రిజ్‌లో ఒక వారము నిలువయుండును, బయట ఒకటి రెండు దినములే.

రెండవది పండుమిరపకాయ కారము. కొందరు కొరివికారమందురు. చలికాలము చివర, సంక్రాంతి దాటిన పిదప, ఎర్రగా పండిన పచ్చికాయలు సంతకు వచ్చును. ఒక కిలో కాయలను తొడిమలతోనే కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, చెమ్మ ఏ మాత్రము లేదని తెలిసికొన్న తరువాతనే తొడిమలు తీయవలెను. తొడిమ తీసి కడిగినచో నీరు కాయ లోపలికి పోవును. ముద్ద చెడుటకు సగము కారణమదియే. వీనిని 200 గ్రాముల ఉప్పుతో, 250 గ్రాముల గింజలు తీసిన క్రొత్త చింతపండుతో కచ్చాపచ్చాగా దంచి, జాడీలో నొక్కి మూడు దినములుంచవలెను. నాలుగవ నాడు తీసి, వేయించి పొడిచేసిన మెంతులు రెండు చెంచాలు చేర్చి మెత్తగా నూరి, మరల జాడీకెత్తి, పైన నూనె పోయవలెను. ఉప్పును పులుపును కలిసి సూక్ష్మజీవులను పెరుగనీయవు. పైని నూనె గాలిని ఆపును. సరిగా చేసినచో ఏడాది పొడవున నిలుచును.

ఇచట తల్లులకు ఒక సూచన. దంచుటకు ముందు చేతులకు నూనె రాచుకొనుడు. పని ముగిసిన తరువాత మొదట నూనెతో తుడిచి పిమ్మట సబ్బుతో కడుగుడు. ఆ చేతులతో పసిబిడ్డ కన్ను తుడువరాదు.

నూనె ఎందులకు? దీనికి జవాబు మేము పుస్తకమువలన గాక ముందు అవమానమువలన నేర్చుకొంటిమి. అనేక సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన ఒక పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవమునాడు పిల్లలందరికి కూరగాయల చారు పోయింపవలెనని తలచితిమి. ఇంట నలుగురికి ఒక చెంచా కారపుముద్ద సరిపోవుచున్నది గదా, అరువదిమందికి పదునైదు చెంచాలని లెక్క కట్టితిమి. లెక్కల మాస్టరుగారు కూడ అది సరియే యనిరి. ఆ ముద్దను నీటిలో కలిపి, ఉడుకుచున్న పెద్ద అండాలో పోయించి, గరిటె త్రిప్పు పనిని మరచి జెండావందనమునకు పోతిమి. తిరిగివచ్చి వడ్డించినప్పుడు ముందు వరుసల పిల్లలు "నీళ్ళలాగుంది సార్" అనిరి. చివరి వరుసల పిల్లలకు అండా అడుగునుండి తోడిన చారు వచ్చెను. ముద్దయంతయు పప్పుతో కలిసి అడుగున పేరుకొనియుండెను. చిన్నబిడ్డలు కన్నీరు కార్చుచు కుండలవద్దకు పరుగెత్తిరి. ఎన్ని నీళ్ళు త్రాగినను మంట తగ్గలేదు. వంటకు సాయము వచ్చిన ఒక అవ్వ ఇంటికి పోయి మజ్జిగ కడవ తెచ్చి గ్లాసు గ్లాసు పోసిన తరువాతగాని శాంతి కలుగలేదు. ఆ దినము మేము చేయదలచిన ఉపన్యాసము చేయలేదు.

తరువాత తెలిసికొన్నది ఇది. మిరపకాయలోని మంటకు కారణమైన పదార్థమును క్యాప్సైసిన్ అందురు. అది నీటిలో దాదాపు కరుగదు; నూనెలో, క్రొవ్వులో కరుగును. కనుకనే నీళ్ళు త్రాగినచో మంట నోరంతయు ప్రాకునేగాని తీరదు. పాలు, పెరుగు, మజ్జిగలలో గల కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టుకొని నాలుకమీదినుండి తొలగించును. అవ్వ చదువుకొన్నది కాదు, మజ్జిగ తెచ్చినది. మేము చదువుకొన్నవారము, నీళ్ళ కుండ చూపితిమి.

ఈ క్యాప్సైసిన్ గింజలలో నుండునని అందరు తలతురు. నిజమునకు అది ఎక్కువగా తయారగునది గింజలను పట్టియుంచు తెల్లని పొరలో. గింజలకు అంటుకొనునంతే. కావున మంట తగ్గింపదలచినవారు గింజలతోపాటు ఆ పొరనుగూడ గీకివేయవలెను. మంటను కొలుచుటకు 1912లో స్కోవిల్ అను అమెరికా ఔషధశాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టెను. మిరపకాయ సారమును చక్కెర నీటితో పలుచన చేయుచు, రుచి చూచువారికి కారము తెలియకుండునంతవరకు ఎన్ని రెట్లు కలుపవలసివచ్చినదో చూచుట. పాపము ఆ రుచి చూచినవారు! ఇంకను ముఖ్యమైన సంగతిని 1997లో డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును కనుగొనిరి. మన నరములలో వేడిని పసిగట్టు గ్రాహకమొకటి కలదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినప్పుడు మేలుకొను ఆ గ్రాహకమే క్యాప్సైసిన్ తగిలినను మేలుకొనును. కాలకున్నను కాలినట్లు మెదడునకు వార్త పోవును. ఇందులకును, స్పర్శజ్ఞానమునకు సంబంధించిన పరిశోధనలకును ఆయనకు మరియొకరితో కలిపి 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. దీనివలన వంటయింటికి లాభమేమనగా, పొగలు గ్రక్కు కారపు చారు బిడ్డకు రెండంతలు మండును. అదే చారును గోరువెచ్చగా ఇచ్చినచో సుఖముగా త్రాగును. వేడివేడిగా పోసి "త్రాగు త్రాగు" మనుటకంటె ఒక పది నిమిషములు ఆగుట మేలు.

ఇక చారుల సంగతి. కారపుముద్దను చారులో చేర్చుటకు ఒక క్రమము కలదు. మొదట గిన్నెలో నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసి, సెగ తగ్గించి, కారపుముద్దను ఆ నూనెలో అర నిమిషము కలుపవలెను. అప్పుడు ఎరుపును ఘాటును నూనెలోనికి దిగును. దానిలో ఒక గరిటెడు ఉడికిన పప్పును పోసి కలిపినచో పప్పులోని పిండి ఆ నూనెను పట్టుకొని చారంతట సమముగా వ్యాపింపజేయును. ఆ పిమ్మటనే తక్కిన చారు పోయవలెను. మేము ఆనాడు చేయనిది ఇదియే.

ఇందులకు మన వంటలలో తగినది దప్పళము, కొందరు ముక్కల పులుసందురు. పెండ్లిండ్లలో తప్ప చేయరానిదనుకొని అనేకులు విడిచినారు. నలుగురైదుగురికి 100 గ్రాముల కందిపప్పు, అర కిలో ముక్కలు చాలును. సొరకాయ, గుమ్మడి, మునగకాడ, వంకాయ, ముల్లంగి, చిలగడదుంప - తిరువళ్ళూరు సంతలో ఆ దినము ఏది చవుకయో అది. పప్పును విడిగా మెత్తగా ఉడుకబెట్టుకొనవలెను. ముక్కలలో గట్టివి ముందు, మెత్తనివి తరువాత వేసి పసుపుతో ఉడికించి, అవి మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెను. పులుపు ముందే తగిలినచో ముక్కయు పప్పును బిరుసెక్కి ఎంతసేపైనను ఉడుకవు. ఈ చిన్న తప్పువలననే "ముక్క ఉడకలేదమ్మా" అని బిడ్డ త్రోసివేయుచున్నాడు. మనము బిడ్డను తిట్టుచున్నాము. తరువాత పైన చెప్పిన క్రమమున ఒక చిన్న చెంచాన్నర ఎర్రకారము, సుమారు లీటరుంబావు నీరు, గోలీకాయంత బెల్లము చేర్చి ఒక పొంగు రానిచ్చి దింపవలెను. ముక్కలు చిన్నవిగా తరుగుట మరువరాదు. పెండ్లిలో పెద్ద ముక్క గొప్ప. పిల్లవాని డబ్బాలో చిన్న ముక్కయే గొప్ప. అది అన్నముతో కలిసిపోవును, ఏరివేయుటకు చిక్కదు.

సాయంకాలము ఆటలాడి వచ్చిన బిడ్డకు పలుచని చారు మంచిది. పప్పు ఉడికిన నీటిని వంచిన కట్టులో గుప్పెడు లేత మునగాకు, ఒక టమాటా, తురిమిన క్యారెట్టు వేసి పది నిమిషములు మరిగించి, పావు చెంచా కారపుముద్దను నేతిలో వేపి కలిపి, దింపిన తరువాత నిమ్మరసము పిండవలెను. మునగాకులో ఇనుము కలదు. నిమ్మరసములోని సి విటమిను ఆ ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. ఆ విటమిను వేడికి చెడునది గనుక పొయ్యిమీద నుండగా పిండరాదు. మా విద్యార్థి యొకని తల్లిగారు దీనిని మునగాకు చారని చెప్పి పోసినన్నాళ్ళు అతడు ముట్టలేదట. పింగాణి కప్పులో పోసి "వెజిటబుల్ సూపు" అన్న దినమునుండి రెండేసి కప్పులు త్రాగుచున్నాడట! మాతృభాషాభిమానులమగు మాకు ఇది కొంచెము కష్టము కలిగించినది. అయినను ముందు త్రాగనిండు, పేరు తరువాత నేర్పుదము.

పైగా ఆ సూపు అను గౌరవము మన చారునకు కొత్తది కాదు. మద్రాసులోని ఇంగ్లీషువారు మన మిరియాల చారును తమ బల్లమీదికి తీసికొనిపోయి, 'మిళగు తణ్ణీర్' అను తమిళపు మాటను నోరు తిరిగినట్లు పలికి 'ములిగటానీ' యనిరి. ఆర్థర్ కెన్నీ-హెర్బర్టు అను సైనికాధికారి 1878లో మద్రాసునందు ప్రకటించిన వంటల గ్రంథములో దీనిని గురించియు వ్రాసెను. మాంసము, పిండి చేర్చి వారు దానిని సూపుగా మార్చిరి. ఇప్పటికిని ఇంగ్లండులో డబ్బాలలో అమ్మబడుచున్నది.

దూరదేశములలోను కారపుముద్దను చారులో వేయు అలవాటు కలదు. ఆఫ్రికా ఉత్తరతీరమందలి ట్యునీసియాలో ఎండుమిరపకాయలను నానబెట్టి వెల్లుల్లి, ధనియాలు, షాజీర, ఉప్పు, ఆలివు నూనెతో నూరి 'హరిస్సా' యను ముద్ద చేయుదురు. దానిని 2022లో యునెస్కోవారు మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చిరి. అచటివారు ఉడికిన శనగల చారులో నిలువరొట్టె ముక్కలు వేసి, జీలకర్రపొడి చల్లి, హరిస్సా కలుపుకొని తిందురు. దాని పేరు లబ్లబీ. బెల్లమును చింతపండును తీసివేసినచో మన ఇంటి వంటవలెనే యున్నది. మన ఎర్రకారమును ఏ పట్టికలోను ఎవరును చేర్చలేదు. రుచికి దానివలన లోటు రాలేదు.

పచ్చడులలో మొదటిది కోసంబరి. శ్రీరామనవమినాడు వడపప్పుగా పంచునదానికి ఇది అక్కవంటిది. 100 గ్రాముల పెసరపప్పును ఒక గంట నానబెట్టి నీరు వార్చి, సన్నగా తరిగిన దోసకాయ, తురిమిన క్యారెట్టు, కొబ్బరి, కొత్తిమీర కలుపవలెను. కారపుముద్దను నేరుగా దీనిలో వేయరాదు. ఒకచోట ఉండలు కట్టి ఒక ముద్దలో మంట, మరియొక ముద్దలో చప్పదనము వచ్చును. చిన్న గిన్నెలో పావు చెంచా ముద్ద, ఒక నిమ్మకాయ రసము, రెండు చెంచాల మంచినూనె వేసి బాగుగా గిలకొట్టి, ఆ కలయికను ముక్కలమీద పోసి పైకిక్రిందికి కలుపవలెను. ఉప్పు తినబోవునప్పుడే వేయవలెను. ముందుగ వేసినచో ఉప్పు దోసకాయలోని నీటిని వెలికి లాగి పచ్చడిని పలుచన చేయును. అందుచేత డబ్బాలో పంపువారు ఉప్పును, కారపు కలయికను ఒక చిన్న సీసాలో వేరుగా పెట్టి పంపుడు. పిల్లలకు తామే కలుపుకొనుట ఒక వేడుక. తాము కలిపినదానిని పారవేయరు.

పచ్చికూర తినని పిల్లలకు కాల్చిన కూరల పచ్చడి మంచిది. వంకాయ, టమాటా, ఉల్లిపాయ, కుడమిరపకాయలను నిప్పులమీదగాని గ్యాసు మంటమీదగాని పైతోలు నల్లబడువరకు కాల్చి, తోలు తీసి, చేతితో మెదిపి, అర చెంచా పండుమిరప కారము, నూనె, ఉప్పు కలిపినచో సరి. ట్యునీసియావారును ఇంచుమించు ఇదే చేయుదురు. మన కాల్చిన వంకాయ పెరుగు పచ్చడిలో తిరుగమాతకు బదులు చిటికెడు ఎర్రకారమును నూనెలో వేపి పోసినను మిక్కిలి రుచి. పెరుగు కారమును అణచును గనుక ఐదారేండ్ల బిడ్డలకు ఈ విధమే తగినది.

తిరుత్తణి చుట్టుపట్ల వేరుశనగ పంట దిగినప్పుడు పచ్చికాయలు ఉడుకబెట్టి పప్పులు తీసి, ఉల్లిపాయ, పచ్చిమామిడి, టమాటా ముక్కలతో, ముందు చెప్పిన నిమ్మరసపు కారముతో కలిపిచూడుడు. దీనికి వేరుగా వివరము అక్కరలేదు. పచ్చిగా తినునవి ఏవైనను పారునీటిలో బాగుగా కడిగి, ముందు కడిగి తరువాతనే తరుగవలెనని మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

కొందరు పండుమిరపలో సి విటమిను మెండుగా కలదు గనుక కారమెంత తిన్న అంత మంచిదందురు. మొదటి మాట నిజమే. హంగరీ దేశీయుడగు సెంట్-జ్యోర్జీ అను శాస్త్రజ్ఞుడు ఆ విటమినును పెద్ద మొత్తములో తీసినది తమ ఊరి ఎర్రమిరప జాతినుండియే. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. కాని పావు చెంచాడు ముద్దలో నుండునది ఎంత? బలమిచ్చునది ముక్కలేగాని ముద్ద కాదు. పైగా నిలువయుండు కారములో ఉప్పు హెచ్చు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లలకు ఇంకను తక్కువ. కావున కారపుముద్ద వేసిన వంటలో ఉప్పు వేరుగా వేయుటకు ముందు రుచి చూడుడు. పలుమారు అక్కరయే యుండదు. మూడేండ్లలోపు పసివారికి ఈ ముద్ద వలదు. కడుపుమంట, పుండు గలవారు వైద్యుని అడిగిన తరువాతనే తినవలెను.

జాడీలోనికి తడి గరిటె పోనీయరాదు. వారమునకు కావలసినంత చిన్న సీసాలోనికి తీసికొని, పెద్ద జాడీకి మరల గుడ్డ కట్టివేయుడు. పైన బూజు కనబడినచో "పైది తీసి క్రిందిది వాడుద"మనుకొనువారు కలరు. బూజు కంటికి కనబడినంత మేరకే యుండదు. జాడీయంతయు పారవేయుటయే క్షేమము. నష్టమునకు జంకి మేమును ఒకసారి పైది తీసి వాడితిమి. మూడు దినములు బడికి పోలేదు.

చివరగా పాత్రల మాట. చింతపండు, నిమ్మరసము గల ఈ వంటలను కళాయి పోయిన ఇత్తడి గిన్నెలలో వండరాదు, నిలువ ఉంచరాదు. పులుపు లోహమును కరిగించి చిలుము పట్టించును. మట్టిచట్టిగాని, స్టీలుగాని, పింగాణిగాని వాడుడు. ఊరిలో కళాయి వేయువాడు కనబడుట ఇప్పుడు అరుదు గనుక అవ్వలనాటి ఇత్తడి దప్పళపు గిన్నె ఉన్నవారు, కళాయి వేయించునంతవరకు దానిలో బియ్యము కొలుచుకొనవచ్చును.